గెలుపు తరువాతి దెబ్బ

పిల్లల ఆటలను గురించి మనలో రెండు వాదాలు నడుస్తున్నవి. రక్తం చూపే ఆటలను నిషేధించాలని ఒక పక్షం. ఆట ఆటే, దానికీ సంఘానికీ సంబంధమేమిటని రెండవ పక్షం. మొదటివారికి తెరమీది ఎరుపు తప్ప మరేమీ కనిపించదు. రెండవవారికి అదీ కనిపించదు. ఆటలోని నియమాన్ని పరిశీలించే ఓపిక ఇద్దరికీ లేదు. కథకు ఇతివృత్తం ఎట్లాంటిదో ఆటకు నియమం అట్లాంటిది. ఎప్పుడు కొట్టవచ్చును, ఎప్పుడు చేయి దించాలి అన్నదానిలోనే ఆట చెప్పే నీతి వున్నది.

'మోర్టల్ కాంబాట్'ను తీసుకుందాం. 1992లో అమెరికాలోని మిడ్‌వే కంపెనీ, నాణెం వేస్తే నడిచే యంత్రంగా దీనిని విడుదల చేసింది. ముఖ్య రూపకర్తలు ఎడ్ బూన్, జాన్ టోబియాస్. నిజమైన నటులను చిత్రించి, ఆ బొమ్మలచేతనే కొట్లాడించారు. యంత్రానికి ఒక కర్ర, ఐదు మీటలు: పై గుద్దు, కింది గుద్దు, పై తన్ను, కింది తన్ను, కాచుకోవడం. మూడు రౌండ్లలో రెండు గెలిచినవానిదే పోటీ. ఎదుటివాని ఎత్తును కనిపెట్టాలి, దూరం అంచనా కట్టాలి, కాచుకొని అదనుచూచి కొట్టాలి. ఇంతవరకూ ఇది తాలింఖానా పోటీ వంటిదే. ఇందులో నేర్పు వున్నది. ఆ నేర్పును తక్కువ చేయనక్కరలేదు.

అసలు సంగతి పోటీ ముగిసిన తరువాత మొదలవుతుంది. ఓడినవాడు పడిపోడు. చేతులు వేలాడవేసి తూలుతూ నిలబడతాడు. 'వీణ్ణి ముగించు' అని యంత్రం ఆజ్ఞాపిస్తుంది. ఆ కొద్ది క్షణాల్లో, తగిన దూరంలో నిలబడి, కర్రనూ మీటలనూ సరైన వరసలో కదిపితే దానిపేరు 'ఫేటాలిటీ'. కానో అనేవాడు గుండె పెరుకుతాడు. సబ్‌-జీరో తలను వెన్నెముకతో సహా ఊడబెరుకుతాడు. స్కార్పియన్ ముసుగు తీసి, పుర్రెనోటితో నిప్పు ఊది కాల్చివేస్తాడు. ఇవేవీ చేయకపోయినా గెలుపు గెలుపే. ఈ దెబ్బ ఫలితాన్ని వెంట్రుకవాసి కూడా మార్చదు.

మరి ఎందుకు పెట్టారు? 1991లో కాప్‌కాం కంపెనీ తెచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ 2'లో, వరసగా దెబ్బలు తిన్నవాడు కాసేపు కళ్లు తిరిగి నిలబడిపోయేవాడు. ఎదుటివానికి అది ఉచితపు దెబ్బ. అట్లా చిక్కుబడడం ఆటగాళ్లకు సహించరానిదనీ, అందువల్ల ఆ స్థితిని పోటీ చివరకు జరిపామనీ బూన్ తరువాత చెప్పాడు. కళ్లు తిరగడంలోని అన్యాయం పోలేదు. ఎవరికీ నష్టంలేని చోటికి జరిగి, వేడుకగా మారింది.

ఈ వేడుక వెనుక వ్యాపారం వున్నది. ఆ వరసలను యంత్రం ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాడు తెలియనివాణ్ణి పదిమంది ఎదుట అవమానిస్తాడు. అవమానపడ్డవాడు పంతంకొద్దీ మరొక నాణెం వేస్తాడు. ఆటగాళ్ల పత్రికలు ఆ రహస్యాలను అచ్చువేసి అమ్ముకున్నవి. అంటే ఇక్కడ అమ్ముడుపోయిన సరుకు యుద్ధం కాదు, పరాభవం.

రక్తాన్ని మాత్రమే చూచినవారు ఏమి సాధించారు? 1993 సెప్టెంబరులో ఈ ఆట ఇంటి యంత్రాలకు వచ్చినపుడు నింటెండో తన ప్రతిలో రక్తాన్ని తీసివేసి బూడిదరంగు చెమట పెట్టించింది. సెగా ప్రతిలో రహస్య సంకేతం నొక్కితే రక్తం తిరిగి వచ్చేది. డిసెంబరులో సెనేటర్లు లీబర్‌మన్, కోల్ విచారణ జరిపారు. 1994లో పెట్టెలమీద వయస్సు చీటీలు అంటించే సంస్థ ఏర్పడింది. చెమట ప్రతిలో కూడా ఓడినవాడు తూలుతూనే వున్నాడు, 'ముగించు' అన్న ఆజ్ఞ అట్లాగే వున్నది. రంగు మారింది, నియమం మారలేదు.

దయను సైతం ఈ ఆట ఎట్లా వాడుకున్నదో చూడండి. 1995లో వచ్చిన మూడవ ఆటలో 'మెర్సీ' అనే ఎత్తు పెట్టారు. మూడవ రౌండులో గెలిచినవాడు ఓడినవానికి చిటికెడు ప్రాణం తిరిగి ఇవ్వవచ్చును. ఎందుకు? మృగంగా మారి చంపే ఎత్తు వేయాలంటే ముందు ఈ దయ చూపితీరాలి. చంపడానికి మెట్టుగా వాడిన దయను ఏమనాలి?

మన భారతంలో రక్తం లేదా అని అడుగుతారు. వున్నది. భీముడు దుశ్శాసనుని రొమ్ము చీల్చాడు. గదాయుద్ధ నియమం తప్పి దుర్యోధనుని తొడలు విరుగగొట్టాడు, పడినవాని తల తన్నాడు. కాని వెంటనే ధర్మరాజు వారించాడు, బలరాముడు నాగలి ఎత్తాడు. యుద్ధం తరువాత గాంధారి శవాలమధ్య నడిచింది. భారతం దెబ్బతోపాటు దెబ్బకు జవాబుదారీని కూడా చూపింది. ఈ ఆటలో బలరాముడు లేడు, స్త్రీపర్వం లేదు.

కురుపాం కొండలవారికి ఇది దూరదేశపు ముచ్చట కాదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సంఘ మహాసభకు వెళుతున్న కోరన్న, మంగన్న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకు బలి అయినారు. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించినపుడు పోలీసులు ఎదురుకాల్పులన్నారు. పట్టుకొని కాల్చారన్న ఆరోపణ సమసిపోలేదు. ఆటను చూచి ఎవరూ ఆ తుపాకులు పేల్చలేదు. ఆట పుట్టింది లేవిడికి పాతికేళ్ల తరువాత. కాని ఎదిరించలేని స్థితిలో వున్న మనిషిని ఏమి చేయాలన్నది ఈ కొండల్లో నెత్తుటితో వ్రాసిన ప్రశ్న. దానికి 'ముగించు' అన్న ఒక్క జవాబునే వినోదంగా అలవాటు చేస్తుంటే, ఇక్కడి రచయిత ఊరుకోవడం తగదు. నాటి యంత్రం పని నేడు ఫోను చేస్తున్నది. 2015లో ఈ ఆట ఫోన్లలోకి కూడా వచ్చింది. కురుపాం బజారులో తిరిగే సవర, జాతాపు కుర్రవాని చేతిలోనూ ఫోను వున్నది.

నిషేధం మన మార్గం కాదు. నిషేధించిన చేయి రేపు మన పుస్తకం మీదికీ వస్తుంది. కథనూ నాటకాన్నీ పరీక్షించినట్లే ఆటనూ పరీక్షించాలి: ఇది ఎవరిని కొట్టనిస్తుంది, ఎక్కడ ఆపుతుంది, ఓడినవానికి ఏమి మిగులుస్తుంది? కుర్రవానికి ఈ ప్రశ్నలు నేర్పితే చాలు. గెలిచిన తరువాత కూడా కొట్టమని చెప్పేది బలం కాదనీ, బలానికి పట్టిన భయమనీ అతడే తేల్చుకుంటాడు.