వినోదపు చెరువు తెగితే పూచీ ఎవరిది?

ఉత్తరాంధ్రలో చెరువు గట్టుకు అసలు పరీక్ష అక్టోబరులో ఎదురవుతుంది. నైరుతి వానలకు చెరువులు, బందలు నిండి నీరు అలుగును అంటే వేళకే బంగాళాఖాతంలో తుపాను లేస్తుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే వచ్చిపడింది. తూర్పు కనుమల నుంచి దిగే గెడ్డలకు పొడవు తక్కువ, వాలు ఎక్కువ. కొండ మీద కుండపోత పడితే కొద్ది గంటల్లోనే వరద గట్టును తాకుతుంది. ఆ కాస్త వ్యవధిలో అలుగు నీటిని వదలగలదా, తూము తెరుచుకుంటుందా అన్న దాని మీదే కింది ఊళ్ల క్షేమం ఆధారపడి ఉంటుంది.

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తోటపల్లి, మడ్డువలస, గొట్టా, తాటిపూడి వంటి ప్రాజెక్టులను చూసుకోవడానికి జలవనరుల శాఖ ఇంజినీర్లున్నారు. ఊరి చెరువుకు 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలున్నాయి, అంతకు మించి ఆయకట్టు రైతు కన్ను ఉంది. జిరాయితీ భూమిలో గెడ్డకు అడ్డంగా మట్టి పోసి, పడవ షికారుకో, చేపలకో, రిసార్టు అందానికో నిలిపిన నీటి సంగతి వేరు. దాని కింద సాగు లేదు గనుక గట్టు మీద నడిచి చూసే రైతూ ఉండడు. భోగాపురం విమానాశ్రయం పేరుతో ఈ ప్రాంతపు భూములకు గిరాకీ పెరిగింది. అలాంటి కట్టడాల గురించి ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబరు 30 నుంచి అమల్లో ఉంది. అది ప్రైవేటు యజమానులను వదిలిపెట్టలేదు. వదిలిపెట్టింది చిన్న గట్లను. 15 మీటర్లు దాటిన ఆనకట్టలన్నీ దాని పరిధిలోకి వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవైతే 500 మీటర్ల పొడవో, 10 లక్షల ఘనపు మీటర్ల నిల్వో, అలాంటి మరో షరతో తీరాలి. 10 మీటర్ల లోపువి లెక్కలోకే రావు. ఎనిమిది మీటర్ల గట్టు కింద వంద ఇళ్లున్నా ఈ చట్టానికి పట్టదు.

తెగిన ప్రైవేటు చెరువుకు జవాబుదారీ ఎవరన్న వాదన తెలుగు నేలకు పాతదే. ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానకు తెగి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం వాటిల్లింది. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. అప్పటికి ఇంగ్లండులో 1868 నాటి రైలాండ్స్–ఫ్లెచర్ తీర్పు ఉంది. ఒక మిల్లు యజమాని తవ్వించిన రిజర్వాయరు నీరు పక్కవారి బొగ్గు గనిని ముంచెత్తిన కేసు అది. తన అవసరానికి నీటిని నిలబెట్టుకున్నవాడు, అది బయటపడి నష్టం చేస్తే నిర్లక్ష్యం రుజువు కాకపోయినా భరించాలని అందులో తేల్చారు. జమీందారుకూ అదే వర్తింపజేయమని కంపెనీ అడిగింది.

1874లో ప్రివీ కౌన్సిల్ కాదన్నది. ఇక్కడ చెరువు లేనిదే సాగు లేదు, దాన్ని కాపాడటం జమీందారు విధి, ఇష్టం లేదని పూడ్చేసే హక్కు ఆయనకు లేదు; కాబట్టి నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యుడు అన్నది. విజయనగరం, బొబ్బిలి జమీందారీల చెరువుల పరిస్థితీ అలాంటిదే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో అవన్నీ సర్కారు పరమయ్యాయి. జమీందారును కాపాడింది చెరువు కింది పంట. సరదా కోసం గట్టు వేసుకున్నవారు ఆ నీడన చేరలేరు.

సరదా గట్టు ఎంత ముప్పు తెస్తుందో, దానికి పూచీ ఎలా తప్పిపోతుందో అమెరికాలో సౌత్ ఫోర్క్ ఆనకట్ట కథ చెబుతుంది. సంపన్నుల వేట క్లబ్బు ఒకటి 1879లో దాన్ని కొన్నది. అడుగు నుంచి నీటిని వదిలే ఇనుప గొట్టాలను అంతకుముందే ఎవరో పీకి అమ్ముకున్నారు. క్లబ్బు వాటిని తిరిగి పెట్టలేదు. గుర్రపు బళ్లు వెళ్లడానికి గట్టు ఎత్తు తగ్గించింది, చేపలు పోకుండా అలుగుకు జల్లెడలు బిగించింది. 1889 మే 31న ఎడతెగని వానకు కొట్టుకొచ్చిన చెత్త ఆ జల్లెడలకు అడ్డుపడింది. నీరు గట్టు మీదుగా పొర్లి కట్ట తెగింది. కింద జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా చనిపోయారు. క్లబ్బు మీద వేసిన దావాలేవీ నెగ్గలేదు.

అలుగుకు వల కట్టడం మన చేపల చెరువుల దగ్గరా తెలిసిన పనే. చిన్న గట్టు చెడేది ఇలాంటి మామూలు పనులతోనే. తూము తుప్పు పడుతుంది, చెట్ల వేళ్లు కట్టలోకి దిగుతాయి, ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి. గట్టు పాదాన తేటనీరు ఊరుతుంటే కనిపెట్టి ఉండాలి. అదే నీరు బురదరంగుకు తిరిగిందంటే లోపల మట్టి కోసుకుపోతోందని గుర్తు. ఆ క్షణమే నీటిమట్టం తగ్గించాలి, కింది ఇళ్లను ఖాళీ చేయించాలి. పెద్ద ప్రాజెక్టుకూ మినహాయింపు లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు అయిదు గేట్లలో ఒకటి పనిచేసే స్థితిలో లేదు.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం మండల స్థాయి దాకా ప్రాధికార సంస్థలకు చోటిచ్చింది. వాటి ద్వారా ప్రతి మండలంలో ప్రైవేటు గట్ల పట్టిక రాయాలి. ఎత్తుతో పాటు కింద ఎన్ని ఇళ్లు, ఏ రోడ్డు, ఏ బడి ఉన్నాయో అందులో ఉండాలి. సెప్టెంబరు దాటకముందే యజమాని ఖర్చుతో ఇంజినీరు తనిఖీ జరగాలి. తూము పనిచేయని చెరువులో నీరు నిలపనివ్వకూడదు. నష్టపరిహారానికి బీమా తప్పనిసరి చేయాలి.

ఈ భారం మోయలేమనే యజమానికి మరో దారి ఉంది. ఇంజినీర్ల పర్యవేక్షణలో నీటిని ఖాళీ చేసి, గట్టు తీసేసి, గెడ్డను దాని దారిన పోనివ్వడం. ఆయకట్టు ఉన్న చెరువుకు ఈ మాట చెప్పలేం. వినోదపు చెరువుకు నిస్సంకోచంగా చెప్పవచ్చు.