నవంబరు 1: ఒకే తేదీన పండుగ, సంస్మరణ

సింహాచలం, అక్టోబరు 31: అప్పన్న స్వామి నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియనాడు. ఇంగ్లీషు తేదీ ఏటేటా మారుతుంది గాని తిథి మారదు. మన పల్లెల్లో పండుగైనా, తద్దినమైనా తిథి ప్రకారమే. కాని ప్రభుత్వాలకూ, ఫ్యాక్టరీలకూ ఇంగ్లీషు తేదీయే ప్రమాణం. అలాంటి తేదీలలో విశాఖ ప్రజలు మరువరానిది నవంబరు 1. ఒక సంతోషం, ఒక దుఃఖం ఆ రోజునే పడ్డాయి.

1956 నవంబరు 1న ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కేరళ పుట్టినది కూడా ఆనాడే. ఒకే భాష మాట్లాడేవారు ఒకే పాలన కిందికి వస్తే బతుకులు బాగుపడతాయని అప్పటి ఆశ. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైనది పాఠకులకు విదితమే.

సరిగ్గా పదేళ్లకు, 1966 నవంబరు 1న, విశాఖ వీధులలో తుపాకులు పేలాయి. ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైన చోటని 1965లో నిపుణుల బృందం సిఫారసు చేసింది. అయినా కేంద్రం ఎటూ తేల్చలేదు. అక్టోబరు 15న టి.అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చారు. అవతరణ దినం నాడే జరిగిన పోలీసు కాల్పులలో పలువురు నేలకొరిగారు. వారిలో ఒక బాలుడు కూడా ఉన్నాడు. రాష్ట్రమంతటా ఈ ఉద్యమంలో 32 మంది బలి అయ్యారని లెక్క. ఉత్తరాదిన హర్యానా రాష్ట్రం అవతరించినది కూడా ఆ రోజే కావడం గమనార్హం. అక్కడ మేళాలు, ఇక్కడ శవయాత్రలు!

ఈ రెండు సంఘటనలు ఒకే తేదీన పడటం యాదృచ్ఛికమే కావచ్చు. కాని రెంటికీ నడుమ సంబంధం లేకపోలేదు. రాష్ట్రం వస్తే చాలదని, పిల్లలకు పని కూడా కావాలని పదేళ్లలోనే జనానికి తెలిసివచ్చింది. మొదటి నవంబరు 1 భాషకు గుర్తింపు అడిగితే, రెండవది బతుకుతెరువు అడిగింది.

అడిగినది అందడానికి పాతికేళ్లు దాటింది. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న ఆమే శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021 జనవరి 27న అదే కర్మాగారంలో నూటికి నూరు శాతం వాటా అమ్మాలని కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించగా కార్మికులు మళ్లీ రోడ్డెక్కారు. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల సాయం ప్రకటించింది. కాగా సొంత ఇనుప గనుల కోరిక మాత్రం దశాబ్దాల తరబడి కోరికగానే సాగుతూ వచ్చింది.

ఇన్ని తేదీలలో ఒక్క తేదీ లేదు. అది భూమి ఇచ్చినవారిది. గాజువాక, పెదగంట్యాడ పరిసరాలలో 64 గ్రామాలవారు సుమారు 22 వేల ఎకరాలు వదులుకున్నారు. ఒక ఊరికి ఒకసారి, మరో ఊరికి మరోసారి నోటీసులు వచ్చాయి. ఊళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. అందుచేత ‘ఇది మా త్యాగదినం’ అని చెప్పుకోవడానికి వారికి ఒక రోజంటూ లేకపోయింది. నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డులు పట్టుకొని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు మీరిపోయినవారు వేలల్లో ఉన్నారు. శంకుస్థాపనకు శిలాఫలకం ఉంది. కాల్పులలో పోయినవారికి ఏటా దండలు పడతాయి. పొలం పోయిన రైతుకు మాత్రం క్యాలెండరులో చోటు లేదు.

తేదీని తలుచుకోవడం అంటే దండ వేసి దులిపేసుకోవడం కాదు. రేపటి సభలలో జెండాల గురించి, అమరుల గురించి మాట్లాడేవారు ఆర్-కార్డుల సంగతి కూడా ఎత్తాలి. వారు ఎత్తకపోతే సభలో కూర్చున్న మనమే లేచి అడగాలి.