గనిలోని ప్రాణము, గని ప్రక్కని యూరు

ప్రతి సంవత్సరమును డిసెంబరు 23 వ తేదీన సింగరేణి గనుల పట్టణములలో నుత్సవము జరుగును. 1920 లో నా దినముననే సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడినది. జెండాలెగురును, బహుమతులు పంచబడును, టన్నుల లెక్కలు చదువబడును. 2023-24 లో త్రవ్విన బొగ్గు 7 కోట్ల టన్నులు. ఈ లెక్క వినుటకు మాకును సంతోషమే. తెలంగాణమున వెలుగు దీపములకును, తిరుగు యంత్రములకును ఈ బొగ్గు చేసిన యుపకారము సామాన్యమైనది కాదు. కాని యా టన్నులతోపాటు గని నుండి శవములై పైకి వచ్చినవారి లెక్కకును, ఆ టన్నులకొరకు మట్టిగుట్టల క్రింద నణగిపోయిన యూళ్ల లెక్కకును వేదిక మీద నెంత చోటు దొరకుచున్నది? ఈ ప్రశ్నను వేడుకనాడు వేయుట యమంగళమని కొందరనవచ్చును. మరి యెన్నడు వేయవలెను? ప్రమాదము జరిగిననాడు వేసినచో రాజకీయమందురు. జరుగనినాడు వేసినచో నిష్కారణమందురు.

ఈ గనుల పుట్టుక యొక విచిత్రమైన కథ. 1871 లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు పరిసరములలో బొగ్గును కనుగొనెను. 1886 లో హైదరాబాదు (దక్కను) కంపెనీ త్రవ్వు హక్కులను సంపాదించెను. గునపము నేలను తాకకమునుపే లండనులో వాటాల బేరము సాగి, ఆ బాగోతమును విచారించుటకు 1888 లో బ్రిటిషు పార్లమెంటు ఒక సంఘమునే నియమింపవలసి వచ్చినది. 1889 లో గాని త్రవ్వకము మొదలుకాలేదు. 1945 నాటికి కంపెనీ నిజాము ప్రభుత్వము చేతికి వచ్చినది. నేడు వాటాలలో నూటికి 51 తెలంగాణ ప్రభుత్వమువి, 49 కేంద్ర ప్రభుత్వమువి. బొక్కసమునకు గనియే మూలమని కౌటిల్యుడు వ్రాసి, గనులపై వేరుగ నొక యధ్యక్షుని నియమింపవలెనని చెప్పినాడు. ఆ మాటలోని మొదటి సగమును మన ప్రభుత్వములు చక్కగా గ్రహించినవి.

వాటాదారు లండనులో నున్నంతకాలము గనిలోపలి చావునకు పరాయివానిని నిందించి మనము చేతులు కడుగుకొనగలిగితిమి. ఇప్పుడు యజమానులము మనమే. కంపెనీ ప్రజలదైనంత మాత్రమున రాతికప్పు కరుణ చూపదు, నిలిచిన నీరు దారి మార్చుకొనదు.

2003 జూన్ 16 న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకుపడి 17 మంది పనివారు మరణించిరి. సరిగా నాలుగు నెలలకు, అక్టోబరు 16 న, ఆ గోదావరిఖనిలోనే 8-ఏ గనిలో కప్పు కూలి 10 మంది మరణించిరి. నీరు, కప్పు – ఈ రెండును గనికి క్రొత్త శత్రువులు కావు. 1975 డిసెంబరు 27 న ధనబాదు దాపునగల చాస్నాలా గనిలో 375 మందిని బలిగొన్నదియు నీరే. పైభాగమున విడిచిపెట్టిన పాత పనులలో నిలిచిన నీరు, నడుమనున్న బొగ్గుగోడను ఛేదించుకొని క్రింద పనిచేయువారిపై పడినది. ఇట్టిది జరుగరాదనియే చట్టము కట్టుదిట్టములు చేసినది. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపునకు పోవలెనన్నచో గని తనిఖీశాఖ యనుమతి పొంది, ముందుగా రంధ్రములు తొలిచి చూచుకొనుచు పోవలెను. నియమము మంచిదే. కాని యా 60 మీటర్లను కొలుచుట దేనితో? పటముతో. పటము నిజమైనప్పుడే నియమము నిజము. ఏనాడో మూసిన గనికి ఎవరో గీసిన పటములో నొక గీత పది గజములు ప్రక్కకు జరిగియున్నచో చట్టములోని యంకెలన్నియు నిర్జీవములు. సర్వేయరు చేతిలోని గొలుసు, మేనేజరు చేతిలోని కలము కన్న గనిలో విలువైనదని గ్రహించిన యాజమాన్యము పాత పటములను మరల మరల సరిచూచుటకు డబ్బు ఖర్చు పెట్టును. ఆ ఖర్చు టన్నుల లెక్కలో కనబడదు. అదియే దానికి దౌర్భాగ్యము.

కప్పు సంగతి యింకను సూక్ష్మమైనది. కర్రతో కప్పును తట్టి శబ్దము వినుట బొగ్గుబాయిలో తాతలనాటి విద్య. గట్టి రాయి ఖంగుమనును. విడిన రాయి డొల్లగా పలుకును. రూఫ్ బోల్టులు వచ్చినను, కొలత యంత్రములు వచ్చినను, పనివారు లోనికి పోకముందు మైనింగ్ సర్దారు పోయి తట్టి చూచుట మానలేదు, మానరాదు కూడ. ఆ క్షణమున నా సర్దారు మనస్సులో నేమి జరుగుచుండునో చదువరులు ఊహింపగోరుచున్నాము. శబ్దము కొంచెము డొల్లగా నున్నది. పని ఆపుడని చెప్పినచో ఆ షిఫ్టున బొగ్గు తగ్గును. పైనుండి ఫోను వచ్చును. ఎందుకాగినదని యడుగుదురు. రాయి పడలేదు గదా యని నవ్వుదురు. రాయి పడనందువలన నతడు పిరికివాడగును; పడియున్నచో నతడు వివేకి యగును, కాని దానిని చూచుటకు తాను మిగిలియుండకపోవచ్చును. ఇట్టి త్రాసులో నొక జీతగాని నిలబెట్టి, నీకు పని నాపు నధికారము చట్టమిచ్చినదని పుస్తకము చూపుట ధర్మమగునా?

రక్షణ యనునది టోపీ, బూట్లు, గోడమీది వ్రాతలు మాత్రమే కాదు. కాదన్నవానికి పైవా డేమి చేయును అనుదానిలోనే రక్షణ యున్నది. పని నాపిన సర్దారునకు మెచ్చుకోలు పత్రమిచ్చిన సంస్థలో మరునాడు పదిమంది నోరు విప్పుదురు. ఛార్జిషీటిచ్చిన సంస్థలో మరునాటి నుండి కాగితములన్నియు చక్కగానుండును, కప్పులు మాత్రము కూలుచుండును. రక్షణాధికారి జీతము, బదిలీ, పదోన్నతి ఉత్పత్తికి బాధ్యుడైన యధికారి కలము క్రింద నుండరాదని మా నిశ్చితాభిప్రాయము. 500 మంది గాని, అంతకు మించి గాని పనిచేయు గనులలో పనివారి తరఫున ఇన్‌స్పెక్టరు ఉండవలెనని 1955 నాటి నిబంధనలే చెప్పినవి. అతడు వ్రాసిన మాటలు కార్యాలయపు బీరువాలో గాక, బాయి మొగదల, హాజరు వేయు చోట, తెలుగులో అంటింపబడవలెను. దిగువాడు చదివి దిగవలెను.

దీనికి యాజమాన్యము వారి సమాధానము మాకు తెలియును. భూగర్భపు గనులను తగ్గించి ఓపెన్ కాస్టు గనులను పెంచితిమి, కప్పు లేనిచోట కప్పు కూలదు, చావులు తగ్గినవి గదా యందురు. ఈ మాటలో నిజమున్నది. నిజమును కాదనుట పత్రికాధర్మము కాదు. తట్టా, చెమ్మసు పట్టి చీకటిలో వంగి బొగ్గు నెత్తిన తరమువారి బిడ్డలు నేడు డంపరు పైన గూర్చుండుట మేలే. పనివారి సంఖ్య ఒకప్పుడు లక్ష దాటియుండెను; నేడది సగమునకును తక్కువ, బొగ్గు మాత్రము ఎన్నో రెట్లు. అయితే యీ లెక్కలో నొక పద్దు వ్రాయబడలేదు. గనిలోపలివాని మీదనుండి తీసిన భారము గాలిలో కలసిపోలేదు. అది గని ప్రక్కని యూరి మీద పెట్టబడినది.

ఓపెన్ కాస్టున టన్ను బొగ్గు తీయుటకు అయిదారు ఘనమీటర్ల మట్టిని, రాతిని ఎత్తి పోయవలెను. 7 కోట్ల టన్నులకు ఎంత మట్టియో గుణించి చూచుకొనవచ్చును. అందుచేతనే గోదావరి యొడ్డున నెన్నడును లేని కొండలు పుట్టినవి. జనులు వానిని ఓబీ గుట్టలనుచున్నారు. గుంత లోతుకు పోయిన కొలది నీరు తోడి పారబోయుదురు. చుట్టుప్రక్కల బావులలో నీరు దిగిపోవును. మందుపాతర ప్రేలినప్పుడు గోడలు బీటలువారును. ఎండకాలమున ఆరవేసిన బట్ట నల్లబడును. ఇవి యన్నియు చిన్న బాధలని తోచును. కాని భూమి పోయినవానికి పరిహారము గలదు. భూమి పోక, గుంత యంచున మిగిలినవాని బాధకు పేరే లేదు. వాని యిల్లు యిల్లుగానే యున్నది, అమ్మబోయిన కొనువాడు లేడు.

గుట్టల సంగతి దుమ్ముతో ముగియునని తలంచువారు వేల్సు దేశములోని ఆబర్‌ఫాన్ గ్రామమును జ్ఞాపకము చేసికొనవలెను. అచ్చట గనిమట్టిని కొండమీద నీటిఊటల పైననే పోయుచు వచ్చిరి. బడి వెనుక నీ గుట్ట యపాయకరమని స్థానికాధికారులు ముందుగనే హెచ్చరించిరి. 1966 అక్టోబరు 21 ఉదయమున గుట్ట జారి బడిపై బడినది. మరణించిన 144 మందిలో 116 మంది పిల్లలు. ఆ గని యే దోపిడీ షావుకారుది కాదు. జాతీయము చేయబడిన బొగ్గుబోర్డుది. విచారణసంఘము దోషమంతయు బోర్డుదేయని తేల్చినను, ఒక్కరికిని శిక్ష పడలేదు. అంతటితో నాగిన బాగుండును. మిగిలిన గుట్టలను తొలగించుటకు, బాధితులకై లోకమంతయు పంపిన విరాళపు నిధినుండియే 1,50,000 పౌనులు లాగికొనిరి. ఆ సొమ్మును తిరిగి చెల్లించుటకు 1997 వరకు బుద్ధి పుట్టలేదు. అది యింగ్లండు సంగతి యందురా? 2016 డిసెంబరు 29 న ఝార్ఖండులోని రాజమహల్ ఓపెన్ కాస్టు గనిలో మట్టి జారి 23 మంది సమాధియైరి. అదియు ప్రజల గనియే. చచ్చినవారు గుత్తేదారు కూలీలు.

ఈ గుత్తేదారు కూలీ యనుమాట వద్ద కొంత నిలువవలసియున్నది. మట్టి తీయు పని విశేషముగ గుత్తేదారులకు పోయినది. పర్మనెంటు పనివానికి శిక్షణ, ఆసుపత్రి, క్వార్టరు, సంఘము కలవు. కాంట్రాక్టు పనివాడు నిన్న మరియొక చోట లారీ నడిపినవాడు, రేపు మరియొక చోటికి పోవువాడు. అతని యూపిరితిత్తులలో చేరిన ధూళి పది, యిరువది యేండ్లకు గాని బయటపడదు. అప్పటికి అతని గుత్తేదారు ఎక్కడ, అతని హాజరు పుస్తక మెక్కడ? బొగ్గు ధూళికి గుత్తయని, పర్మనెంటని భేదము తెలియదు. కంపెనీ ప్రమాదముల పట్టికలోను, వైద్యపరీక్షల పట్టికలోను ఆ భేదము నేటితో పోవలెను.

ఇక శిక్ష. 1913 లో వేల్సులోనే సెంగెనిద్ గనిలో 439 మంది మరణించినప్పుడు మేనేజరునకు పడిన జరిమానా 24 పౌనులు. ప్రాణమునకు షిల్లింగు పైచిలుకని పత్రికలు లెక్కగట్టినవి. మనమేమి తక్కువ తినలేదు. 1952 నాటి గనుల చట్టము, నియమోల్లంఘనమువలన ప్రాణము పోయినచో రెండేండ్ల వరకు ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును అన్నది. ఆ 5,000 సంఖ్య డంపరు టైరు ఖరీదునకు చాలదు. 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా స్మృతి జరిమానాను 5 లక్షలకు తగ్గరాదన్నది. అందులో సగమునకు తగ్గకుండ మృతుని వారసులకు ఇప్పించు నధికారమును న్యాయస్థానమునకు ఇచ్చినది. దీనిని మేము స్వాగతించుచున్నాము. అయితే ఖైదు, "లేదా" జరిమానా యని వ్రాసియున్నంతకాలము పెద్ద సంస్థ యేది కోరుకొనునో చెప్పనక్కరలేదు. కంపెనీ చెల్లించు జరిమానా మన డబ్బే.

గుంతలను పూడ్చు విషయమున కేంద్ర బొగ్గుశాఖ 2009 లో నొక మంచి యేర్పాటు చేసినది. ఓపెన్ కాస్టు గనికి హెక్టారునకు 6 లక్షల చొప్పున, నాటి ధరలలో, మూసివేత ఖర్చునకు వేరుగ బ్యాంకులో కట్టియుంచవలెనని విధించినది. డబ్బు దాచినంతనే నేల తిరిగిరాదు. ఏ గనికి ఎంత సొమ్ము దాచిరి, ఎన్ని హెక్టార్లు సమము చేసిరి, ఎన్ని సాగునకు పనికివచ్చునట్లు తిరిగి యిచ్చిరి – ఇవి మూడంకెలు. గ్రామపంచాయతీ గోడమీద వ్రాయుటకు సున్నము, కుంచె చాలును. తమ యూరి మట్టి తమకు తిరిగి వచ్చుచున్నదో లేదో తెలిసికొనుటకు పౌరుడు సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుకొనవలసిన యగత్యమేమి?

2006 నాటి ప్రకటన ప్రకారము క్రొత్త గనికి, విస్తరణకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలెను. సభ జరుగును, షామియానా వేయుదురు, పోలీసులు వత్తురు. పర్యావరణ నివేదిక వందల పుటల యింగ్లీషు గ్రంథము. తెలుగులో నిచ్చునది దాని సంగ్రహము మాత్రమే. బావి నీరెంత దిగునో, ప్రేలుడు మందెంతయో, గుట్ట యే యింటికి ఎంత దూరమో సంగ్రహములో నుండవు. అవి లోపలి పట్టికలలో నుండును. రైతు సంగ్రహము చదివి సమ్మతింపవలెను, ఇంజనీరు పట్టిక చదివి త్రవ్వవలెను. ఇక జరుగబోవు ప్రతి విచారణకును నెల ముందుగా పూర్తి నివేదికను తెలుగున ముద్రించి గ్రామమున నుంచవలెనని రాష్ట్ర ప్రభుత్వమును కోరుచున్నాము. దీనికి కేంద్రము సెలవక్కరలేదు, క్రొత్త చట్టమక్కరలేదు. 51 పాళ్ల యజమాని తన కంపెనీకి ఒక యుత్తరము వ్రాసిన చాలును.