మిగులు లెక్కలపై న్యాయపోరాటం

విద్యాసంవత్సరం ఆరంభమయ్యే వేళ జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం ఎదుట ఉపాధ్యాయుల బారులు కనిపించడం పరిపాటిగా మారింది. హేతుబద్ధీకరణ జాబితాలో పేరు చేరితే సదరు ఉపాధ్యాయుడు ‘మిగులు’. ఉద్యోగం పోదు, జీతం తగ్గదు. అయినా న్యాయస్థానం దాకా వెళ్లేవారు ఎందరో!

వివాదానికి మూలం సంఖ్యలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. అంటే ఒక్క పిల్లవాడు బడి మారినా ఒక పోస్టు ఎగిరిపోవచ్చు. ఐదు తరగతులను ఇద్దరే నడిపే బడి నుంచి తల్లిదండ్రులు పిల్లలను ప్రైవేటుకు మార్చడం, మరుసటి ఏడాది మరో పోస్టుకు ఎసరు రావడం పల్లెల్లో కొత్త కాదు. అందుకే ఏ తేదీ నాటి హాజరును ప్రాతిపదికగా తీసుకున్నారన్నది సాంకేతిక ప్రశ్న కాదు, అసలు ప్రశ్న.

న్యాయస్థానాల వైఖరి మాత్రం స్థిరంగానే ఉంది. పోస్టులను సృష్టించే, రద్దు చేసే అధికారం ప్రభుత్వానిదేనని రామనాథ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు 1973లోనే తేల్చింది. నిబంధనల ఉల్లంఘన గానీ దురుద్దేశం గానీ లేనిదే బదిలీల్లో జోక్యం కూడదని 1991లో శిల్పీ బోస్ కేసులో పేర్కొంది. మార్గదర్శకాలు చట్టబద్ధమైన హక్కును ఇవ్వవని 1993లో అబ్బాస్ కేసు తీర్పు. కనుక హేతుబద్ధీకరణ విధానాన్నే సవాలు చేసే పిటిషనుకు బలం తక్కువ. కేడరు సీనియారిటీ తప్పిందనో, అభ్యంతరాలకు గడువు ఇవ్వలేదనో, సబ్జెక్టు పీరియడ్లు తప్పుగా లెక్కించారనో నిర్దిష్టంగా చూపగలిగితేనే ఊరట లభించే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఉపాధ్యాయ సంఘాలు తగినంత వినియోగించుకోని అంశం ఒకటుంది. విద్యాహక్కు చట్టం 25వ సెక్షను నిష్పత్తిని ప్రతి పాఠశాలలోనూ పాటించాలంటుంది. జిల్లా సగటు చూపితే చాలదు. ఒక బడిలో నియమితుడైన ఉపాధ్యాయుడిని మరో బడిలోనో, కార్యాలయంలోనో పనిచేయించరాదని అదే సెక్షను చెబుతోంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులకే మినహాయింపు. ‘పనిసర్దుబాటు’ పేరిట ఏటా జరిగే తాత్కాలిక కేటాయింపులను ఈ గీటురాయిపై పరీక్షించవలసి ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వెలువడిన 117 జీవో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించే విధానానికి అనుగుణంగా పోస్టుల లెక్కను మార్చింది. సంఘాల ఆందోళన అనంతరం 2025లో దానిని ఉపసంహరించి కొత్త ప్రమాణాలు తెచ్చారు. అదే ఏడాది బదిలీలకు ప్రత్యేక చట్టమూ వచ్చింది. మూడేళ్లలో రెండుసార్లు లెక్క మారితే నిన్న మిగులైనవారు నేడు అవసరమైనవారు కావచ్చు. తెలంగాణలో 2021 నాటి 317 జీవోపై వ్యాజ్యాలు నడిచాయి. 2023 ఫిబ్రవరిలో బదిలీలపై హైకోర్టు విధించిన స్టే ఆగస్టులో గానీ తొలగలేదు.

స్టే దక్కిన ఒక్కరి స్థానం కదలకపోతే, ఆ స్థానాన్ని కౌన్సెలింగులో కోరుకున్న మరొకరి బదిలీ ఆగుతుంది. ఆయన ఖాళీ చేయవలసిన చోటికి వచ్చేవారూ ఆగుతారు. ఆ నెలల్లో ఏకోపాధ్యాయ బడిలో కూర్చున్న పిల్లలు ఏ పిటిషనులోనూ కక్షిదారులు కారు.