పాత బల్లకు కొత్త పూత

ఇంటికి రంగులు వేయించిన ప్రతిసారీ మొదటి వేటు డైనింగ్ టేబుల్ మీదే పడుతుంది. కొత్త గోడల పక్కన దాని నల్లబడిన పైపూత, వేడి గిన్నెలు మిగిల్చిన తెల్లటి వలయాలు, పులుసు మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పాత సామాన్లు కొనేవాడు నామమాత్రపు ధర కడతాడు. ఫర్నిచర్ దుకాణం 'ఎక్స్ఛేంజ్' ఆశ చూపుతుంది. ఒకప్పుడు మంచం, బీరువాలతో పాటు సారెగా వచ్చిన బల్ల ట్రాలీ ఎక్కి వెళ్లిపోతుంది. దాని స్థానంలోకి వచ్చేది చాలాసార్లు అసలు కలపే కాదు.

కలప ముక్కల్నీ పీచునూ జిగురుతో అదిమి తయారుచేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్‌ల మీద పల్చటి అలంకరణ పొర అతికించిన బల్లలే ఇప్పుడు ఎక్కువ. చూడ్డానికి బాగుంటాయి, ధర కూడా తక్కువ. అయితే అంచు దగ్గర పొర లేచి నీళ్లు లోపలికి దిగితే బోర్డు ఉబ్బుతుంది. ఉబ్బింది మళ్లీ అణగదు. గీకి కొత్త పూత వేద్దామంటే ఆ పొర కింద పనికొచ్చే కలప ఉండదు. గట్టి టేకు బల్ల సంగతి వేరు. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న పలకను జాగ్రత్తగా రుద్ది పాలిష్ చేస్తే అరిగిపోయేది మిల్లీమీటరులో కొంత భాగమే. అంటే అలాంటి బల్లకు తరానికోసారి కొత్త పూత వేసినా పలక చెక్కుచెదరదు.

పైగా అలాంటి కలప దొరకడం మునుపటంత తేలిక కాదు. గోదావర్మన్ తిరుముల్పాద్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 12న ఇచ్చిన ఉత్తర్వు, ప్రభుత్వ ఆమోదం పొందిన ప్రణాళికలకు లోబడి తప్ప అడవుల్లో చెట్లు కొట్టడానికి వీల్లేదంది. బర్మా టేకుకు పేరుపడ్డ మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. అడవుల కోణంలో చూస్తే రెండూ అవసరమైన నిర్ణయాలే. అందువల్ల ఇంట్లో ఇప్పటికే ఉన్న టేకు పలక విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు.

కాబట్టి పారేసే ముందు బల్ల కిందకి దూరి చూడాలి. పైభాగంలో కనిపించే చారలు పలక అంచు దాటి చివర కోత మీదకీ కొనసాగితే అది గట్టి కలపే. అంచుకు విడిగా పట్టీ అతికించి ఉంటే అనుమానించాలి. పైన ఉన్నది ప్లైవుడ్ మీద అతికించిన వెనీర్ అయితే దాని మందం తరచూ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మెషిన్ పెట్టి రుద్దితే రెండు నిమిషాల్లో కింది ప్లైవుడ్ బయటపడుతుంది. దానికి చేతి రాపిడే, అదీ తేలిగ్గా.

రెండో పరీక్ష పైపూతది. కనిపించని మూల పాలిష్ స్పిరిట్ నాలుగు చుక్కలు వేసి కాసేపు ఆగాలి. పూత మెత్తబడి వేలికి అంటితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు లొంగక థిన్నర్‌కు కరిగితే లాకర్. రెండింటికీ చలించకపోతే వార్నిష్, మెలమైన్ లేదా పీయూ అయి ఉండొచ్చు. ఈ చిన్న పరీక్ష చేయనందువల్లే చాలామంది అవసరం లేకపోయినా మొత్తం గీకేస్తారు.

మరకలు కూడా కొంత చెబుతాయి. తెల్లటి వలయమంటే తేమ పూతలోనే చిక్కుకుందని అర్థం. లక్క పాలిష్ అయితే స్పిరిట్‌తో లేశమాత్రం తడిపిన గుడ్డను దాని మీదుగా వేగంగా ఒకటి రెండుసార్లు పోనిస్తే చాలాసార్లు పోతుంది. నల్లటి మరకైతే నీరు కలప దాకా వెళ్లిందన్నమాట. దానికి పూత తీయాల్సిందే. పసుపు మరకకు ఎండే మందు. పసుపులోని రంగు వెలుతురుకు క్రమంగా వెలిసిపోతుంది.

మొత్తం తీయక తప్పదనుకుంటే రెండు మూడు వారాంతాల పని. ముందు 80 లేదా 100 నంబరు శాండ్ పేపర్, తర్వాత 120, 180, చివర 220. ఎప్పుడూ చారల వెంటే రుద్దాలి. అడ్డంగా పడిన గీతలు అప్పుడు కనపడవు, పాలిష్ పడగానే పైకి తేలతాయి. తొందరపడి మధ్య నంబర్లు వదిలేసినా అంతే.

ఇక జాగ్రత్తలు. కలప దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మాస్క్ తప్పనిసరి. పాత రంగు వేసిన బల్లయితే ఇంకా జాగ్రత్త అవసరం. గృహ రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లోనే. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశముంది గనుక దాన్ని పొడిగా రుద్దకూడదు. ఆ సమయంలో పిల్లల్నీ, గర్భిణుల్నీ దగ్గరికి రానివ్వకూడదు. రంగు ఊడదీసే ద్రావకాల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉన్నవాటిని మూసిన గదిలో వాడితే ప్రాణాలకే ముప్పు. ఇంటి అవసరాలకు వాటి అమ్మకాన్ని అమెరికా 2019లో నిషేధించింది. అవిసె నూనె పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరుబయట ఆరబెట్టాలి.

చివరి పూత ఎంపిక ఆ ఇంటి భోజనపు అలవాట్లను బట్టి ఉండాలి. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల్లో మోదుగ, రేగు చెట్ల మీద పెరిగే పురుగుల నుంచి లక్క వస్తుంది. దాన్ని లీటరు స్పిరిట్‌కు సుమారు 140 గ్రాముల చొప్పున కరిగించి, దూది చుట్టిన గుడ్డతో పొర మీద పొర వేస్తే వచ్చే మెరుపుకు సాటి లేదు. కానీ అది వేడి పప్పు గిన్నెకు ఓర్చుకోదు. రోజూ తినే బల్ల పైభాగానికి పీయూ లేదా మంచి వార్నిష్, కాళ్లకు లక్క పాలిష్ వేసుకోవడం మధ్యేమార్గం. టేకులో సహజంగా నూనె ఉంటుంది గనుక పీయూకు ముందు థిన్నర్‌తో ఓసారి తుడవాలి. లేకపోతే పూత పట్టదు. ముసురు రోజుల్లో లక్క పాలిష్ పాలిపోతుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఉండే పొడి వాతావరణం ఈ పనికి అనువు.

అన్నీ సొంతంగానే చేయాలన్న నియమం లేదు. రుద్దడం ఇంట్లోవాళ్లు పూర్తిచేసి, ఆఖరి పూత పాలిష్ మేస్త్రీకి అప్పగించినా బల్ల మిగులుతుంది. ఎవరు చేసినా పలకను అద్దంలా మార్చాలన్న పంతం పనికిరాదు. పిల్లలు పెన్సిల్‌తో గుచ్చిన గుంటలు, కొబ్బరికాయ కొట్టిన చోట పడిన నొక్కులు పూర్తిగా పోవాలంటే ఎంతో కలప అరగదీయాలి. ఆ కలప రాబోయే తరం బల్లకు మళ్లీ పూత వేసుకోవడానికి కావలసింది.