వానకు పండుగకు తెగిన లంకె

విజయదశమి మొదలు దీపావళి వరకు గల యిరువది దినములలో కర్నూలు, కడప పట్టణముల అంగడివీధులను జూచినవారికి ఇది కరువుసీమ యని చెప్పిన నమ్మిక కలుగదు. ప్రొద్దుటూరున అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరికి జరుగు దసరా యుత్సవములకు పొరుగూళ్లనుండి జనులు తండోపతండములుగా వత్తురు. ఆ యూరి బంగారపు అంగళ్లు ధనత్రయోదశికి కిటకిటలాడును. ఆదోనిలోనేమి, నంద్యాలలోనేమి, బట్టల కొట్ల మెట్లపై కాలు మోపుటకు చోటుండదు. ఈ సందడిని జూచి మేమును సంతసింతుము. పండుగలు మానుడని బోధించు సన్న్యాసధర్మము మాది కాదు. కాని ఈ వ్యయములో స్వార్జితమెంత, అప్పు సొమ్మెంత యని యడుగుట మా విధి.

ఈ ప్రశ్న యూరక పుట్టినది కాదు. 2023వ సంవత్సరమున దసరా గడచి దీపావళి రాకమునుపే రాష్ట్ర ప్రభుత్వమువారు 103 మండలములను కరువు మండలములుగా ప్రకటించిరి. కర్నూలు జిల్లా మండలములు అందు పెక్కు గలవు. పంచాంగము మాత్రము తన దారిని తాను పోయినది. దీపావళి వచ్చినది, టపాకాయలు కాలినవి.

మన తాతల నాడు పండుగకు వానయే కొలత. గాదెలో కొర్రలు, జొన్నలు, సెనగలు నున్న యేట ఓళిగలును చిత్రాన్నమును. లేని యేట సంగటితో బెల్లపు తునక. అందులకు ఎవరును సిగ్గుపడినవారు కారు, ఊరందరికిని అదే వాన గనుక. ఆ కాలము స్వర్ణయుగమని మేము చెప్పుట లేదు. 1876 నాటి ధాత కరువును ఈ సీమ యింకను మరువలేదు. అయినను వానకును పండుగకును నాడు లంకె యుండెను. సులభముగా దొరకు అప్పు నేడు ఆ లంకెను తెంపినది. మబ్బు మొగము చాటువేసినను పండుగ తగ్గదు. తగ్గింపని భాగము వడ్డీతో గూడ మరుసటి యేటి రాబడిపై బడుచున్నది.

ఇచ్చట నొక యపవాదమును ఖండింపవలసియున్నది. రైతు పెండ్లిండ్లకును పండుగలకును సొమ్ము తగులబెట్టుటచేతనే అప్పులపాలగుచున్నాడని దొరతనమువారు చిరకాలము వల్లించిరి. 1875లో దక్కను రైతులు షాహుకార్లపై తిరుగబడినపుడు విచారణ జరిపిన సంఘమువారే ఆ వాదమునకు మితిమీరిన ప్రాధాన్య మీయబడినదనియు, తిండి మొదలగు నిత్యావసరములకై చేయు చిల్లర యప్పులే రైతును ఎక్కువగా ముంచుచున్నవనియు వ్రాయవలసివచ్చినది. నేటి సంగతి చూడుడు. 2019వ సంవత్సరపు కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున సేద్యపు కుటుంబములలో నూటికి 93 అప్పులో నున్నవి. కుటుంబమునకు సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశమంతటికిని సగటు 74,121 మాత్రమే. ఓళిగలు తిని ఇంత యప్పు చేయగల రైతును మే మెరుగము! నీరు పడని బోరుబావులను, ఎరువుల ధరలను, ఆసుపత్రి ఖర్చులను విడిచి పండుగనాటి పిండివంటను నిందించుట న్యాయము కాదు.

కావున మా మాట ముఖ్యముగా నెలజీతము గల పట్టణవాసులకు. వీరికి వాన తప్పినను జీతము తప్పదు. అయినను అప్పు చేసి పండుగ సాగించువారు వీరిలో తక్కువగా లేరు. పండుగ ఖర్చునకు 30,000 రూపాయలు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు నెలకు 600 చొప్పున ఏటికి 7,200 వడ్డీయే కట్టవలెను. మరుసటి దసరా నాటికి అసలు కదలక యట్లేయుండును, కొత్త పండుగ వాకిట నిలుచును. వాయిదాలపై వడ్డీయే లేదని అంగడివారు ప్రకటించుట గలదు. వడ్డీలేని వాయిదా యనునది లేనేలేదనియు, ఆ వడ్డీ వేరొక రుసుము పేర కొనువానిపైననే పడుచున్నదనియు 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించినది. ఆ సంగతి ప్రకటనలలో కానరాదు.

బంగారము మాట మరియొకటి. ధనత్రయోదశినాడు శుభమని కొన్న గొలుసు, పిల్లల బడి జీతములు కట్టవలసిన నెలలో తాకట్టుకు పోవుచున్నది. విడిపింపలేనివారి నగల వేలపు ప్రకటనలు పత్రికలలో పుటలకొలది వచ్చుచున్నవి. ఆ నగలలో ఎన్ని పండుగకు కొన్నవో, ఎన్ని తల్లులు పెట్టినవో యెవరెరుగుదురు?

లెక్క ముందు, వ్యయము తరువాత అనునది మన యిరుగుపొరుగువారి యాచారములలోనే యున్నది. ముస్లిం సోదరులు పలువురు రంజాను మాసమున జకాతుకై లెక్క చూచుకొందురు. ఏడాది నిలిచిన మిగులు ధనములో నలువదవ వంతు దానమీయవలెను. ఈయవలసినవాడు తనకేమి మిగిలినదో ముందు తెలిసికొనక తప్పదు. ఆ పద్ధతి మన పండుగ లెక్కకును చెల్లును. ఉగాది మొదలు నెలకు వేయి రూపాయల వంతున తపాలా కచేరిలో వేసినవానికి దసరా నాటికి ఆరువేలు చేతికి వచ్చును. ఆ యారువేలే ఆ యేటి పండుగ. రిజిస్టరు కాని చీటీలలో వేసి, చీటీ నడపువాడు ఊరు విడిచిన పిమ్మట వగచువారిని చాల చూచితిమి.

ఇక ఆ యారువేలు ఎచ్చటికి పోవలెను? ఎమ్మిగనూరున మాచాని సోమప్ప 1938లో నేతపనివారికి సహకార సంఘము నెలకొల్పెను. ఆ నాటి ప్రాభవము ఆ సంఘమునకు నేడు లేదు. కడప సీమలో మాధవరపు మగ్గములు మాత్రము ఇంకను ఆడుచున్నవి. దూరపు మిల్లులలో తయారైన బట్టకు అప్పు చేసి వడ్డీ కట్టుటకంటె, సిద్ధముగా నున్న సొమ్ముతో మన నేతగాని చీరను కొనిన, ఆ ధనము మన సీమలోనే మరియొక యింట పండుగ యగును. పఠనమందిరములవారు భాద్రపదముననే మాధవరమునకు వ్రాసి, చీరల ధరల పట్టికను తెప్పించి గోడకు అంటించిన, సభ్యులు కొనుటకు ముందే తమ చేతి సొమ్ముతో సరిచూచుకొనవచ్చును.