తీర్మానం అయిపోయింది, గ్రూపు మిగలాల

2019 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మన ఫోన్లన్నీ ఒకే మాటతో నిండిపోయినాయి: సేవ్ నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ ఆ ఏడాది మే నెలలో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ సంగతి బయటికి పొక్కినాక చెంచు పిల్లోళ్ళు, పట్నాల్లో చదువుకునే విద్యార్థులు, పర్యావరణం వాళ్ళు, చివరికి సినిమా వాళ్ళు కూడా ఒకే గొంతు అయినారు. సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. గెలిచినాం. మరి ఆ తర్వాత?

డీపీలు మారినాయి. సినిమా వాళ్ళు వేరే పోస్టులకు పోయినారు. గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ బొమ్మలు మొదలైనాయి. "పని అయిపాయె కదా, ఇంక ఈ గ్రూపు దేనికి?" అని అడిగి బయటికి పోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ప్రశ్న తప్పేమీ కాదు, దానికి జవాబు చెప్పాల్సిందే. మా జవాబు ఇది: ఆ ఉద్యమంలో మనకు దక్కిన అసలు ఆస్తి ఒకరికొకరం దొరకడం. తీర్మానం కంటే అదే ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఎందుకో చూడండి. అణు ఖనిజాలు రాజ్యాంగం ప్రకారం కేంద్రం జాబితాలోవి. రాష్ట్ర సభ తీర్మానానికి గౌరవం ఉంది గానీ, అది కేంద్రం చేతులు కట్టేయలేదు. పైగా ఆ తీర్మానం తెలంగాణది. కృష్ణకు ఇవతల ఆత్మకూరు, శ్రీశైలం వైపు ఉండే మన చెంచులకు అది వర్తించదు. అడవి రెండు పక్కలా ఒకటే, కాగితానికి మాత్రం సరిహద్దు ఉంది.

అయిదేళ్ళు గడిచినాయి. 2024లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల రిజర్వు ఫారెస్టులో 468 హెక్టార్ల పరిధిలో 68 బోర్లు వేసి యురేనియం వెతకాలన్న ప్రతిపాదన బయటపడింది. నవంబర్ మొదట్లో చుట్టుపక్కల ఊర్లు రోడ్డెక్కినాయి. కొన్ని రోజులకే తవ్వకాలు ఉండవని కలెక్టర్ ప్రకటించినారు. అంత తొందరగా ఊర్లు ఎట్ల లేచినాయి? యురేనియం అంటే ఏమిటో సీమ రైతుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తుమ్మలపల్లె పేరు చాలు.

ఆ పేరు దగ్గర మనం కొంచెం ఆగాల. కడప జిల్లా వేముల మండలంలో ఆ గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. బోరు నీళ్ళు చెడిపోయినాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని మబ్బుచింతలపల్లె, కేకే కొట్టాల జనం ఏండ్లుగా మొత్తుకుంటున్నారు. మా వల్ల కాదని కంపెనీ అంటుంది. వ్యర్థాల చెరువుకు షరతుల ప్రకారం లైనింగ్ వేయలేదని 2019 ఆగస్టులో కాలుష్య నియంత్రణ మండలి యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది. అదే నెలలో మనం నల్లమల కోసం పోస్టులు పెడుతున్నాం. "తుమ్మలపల్లె గతి మాకు వద్దు" అని ఎన్నిసార్లు రాసినామో లెక్క లేదు. అమ్రాబాద్ గండం అప్పటికి తప్పింది. ఉదాహరణగా చూపించిన ఊరు మాత్రం అట్లే ఉండిపోయింది. వాళ్ళ కష్టాన్ని మన వాదనకు వాడుకున్నాం కాబట్టి, గెలిచినాక వాళ్ళ వైపు తిరిగి చూడడం మన బాకీ.

ఇంకో సంగతి గుర్తు పెట్టుకోండి. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. అంటే ఇంతకుముందు కనీసం టెంటు వేసి, మైకు పెట్టి మన మాట వినాల్సి వచ్చేది. ఇకపై ఆ మైకు కూడా లేదు. కబురు మనకు మనమే చేరవేసుకోవాల.

మన సీమ చెంచులకు ఇంకో చిక్కు కూడా ఉంది. కర్నూలు, కడప ప్రాంతం అయిదో షెడ్యూల్లో లేదు. అందుకే పెసా చట్టం, 1/70 చట్టం ఇక్కడ పనిచేయవు. మన చేతిలో ఉన్న గట్టి ఆయుధం 2006 అటవీ హక్కుల చట్టం. అది షెడ్యూల్ ప్రాంతం బయట కూడా చెల్లుతుంది. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కును 3(1)(ఇ) సెక్షన్‌లో విడిగా రాసినారు. కానీ ఆ హక్కు నిలబడాలంటే గ్రామసభ సక్రమంగా జరగాల. సగం మంది హాజరు కావాల, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాల. ఇది పోస్టర్లతో అయ్యే పని కాదు. ఉద్యమం లేని రోజుల్లో మెల్లగా జరిగే పని.

అందుకే గ్రూపులో మిగిలినవాళ్ళం చేయాల్సింది చానా ఉంది. ఆర్టీఐ జవాబులు, నీళ్ళ పరీక్ష రిపోర్టులు, గ్రామసభ తీర్మానాలు ఒకచోట దాచిపెట్టాల. ఫోన్ మారితే ఫోటో పోతుంది, కాబట్టి జిరాక్సు కూడా ఊర్లో ఉండాల. అడవిలోకి బోరు బండి వస్తే మొదట చూసినవాళ్ళు ఎవరికి చెప్పాలో ముందే తేల్చుకోవాల. ఇంగ్లీషులో వచ్చే ఉత్తర్వును చదువుకున్న తమ్ముడో చెల్లెలో తెలుగులో చెప్పి వాయిస్ మెసేజ్ పెడితే, చదువు రాని పెద్దమ్మకు కూడా అందుతుంది.

ఒక హెచ్చరిక. సిగ్నల్ అందని గూడేలు ఇంకా ఉన్నాయి. ఫోన్ ఉన్నోళ్ళే చెంచులు అనుకుంటే, అడవిలో ఉన్నోళ్ళ పేరుతో పట్నంలో ఉన్నోళ్ళం మాట్లాడినట్లు అవుతుంది. గ్రూపులో వచ్చిన కబురు గూడేనికి నడిచి పోవాల, గూడెం మాట తిరిగి గ్రూపుకు రావాల. మద్దతుదారులు ఈ పని చేయగలరు, చేయాల.

మళ్ళీ ఒక ప్రతిపాదన రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది వచ్చినరోజు నంబర్లు వెతుక్కోవడం మొదలుపెట్టకుండా ఉండాలంటే, ఏ గొడవా లేని ఈరోజే పాత గ్రూపు తెరవండి. వేముల మండలంలో నీళ్ళు ఎట్ల ఉన్నాయో ఒకరిని అడగండి.